చేతిరుమాలు - కాగితపు రుమాలు

బడికి పోవు బిడ్డకు తల్లి సమకూర్చు వస్తువులలో పుస్తకములు, కలము, భోజనపు డబ్బా, మంచినీటి సీసా మొదలైనవి ముఖ్యములు. వీని వెనుక, ఎవరును అంతగా తలచుకొనని చిన్న వస్తువొకటి కలదు. అది చేతిరుమాలు. ఒకప్పుడు శిశుతరగతి బిడ్డల చొక్కాకు ఎడమవైపున దానిని పిన్నీసుతో గ్రుచ్చి పంపుట అనేక పాఠశాలలలో ఆచారముగా నుండెను. ఇప్పుడా స్థానమున కాగితపు రుమాళ్ళ పొట్లము, అనగా టిష్యూ పొట్లము, సంచిలోనికి చేరుచున్నది. తుడుచుకొని పారవేయవచ్చును, ఉతుకు పని లేదు, చూచుటకు తెల్లగా, శుభ్రముగా నుండును. ఇవి దాని సుగుణములుగా చెప్పబడుచున్నవి.

ఈ మార్పు మంచిదా, లేక గుడ్డ రుమాలునకే మరలుట మంచిదా అను ప్రశ్న పైకి స్వల్పముగా కన్పట్టును. కాని బిడ్డ ఆరోగ్యము, ఇంటి ఖర్చు, నగరపు చెత్త, ఆ చెత్తను తాకు మనుష్యుని చేయి, ఈ నాలుగును ఆ చదరపు ముక్కలో ముడిపడియున్నవి. కావున దీనిని గూర్చి తల్లిదండ్రులు ఒక్కసారి నెమ్మదిగా యోచించుట అవసరము.

రుమాలు కథ

రుమాలు అను మాట పారసీక భాషనుండి వచ్చినది. ఆ భాషలో 'రూ' అనగా ముఖము, 'మాల్' అనగా తుడుచునది. కన్నడమున దీనిని కరవస్త్రమందురు. ఈ నగరమున మన బిడ్డలు ఆ మాటను కూడ వినుచునే యున్నారు. తెలుగునాట రుమాలనగా తలగుడ్డ యను అర్థము కూడ కలదు. మాట పరభాషనుండి వచ్చినను పని మనకు క్రొత్తది కాదు. తండ్రి భుజముమీది కండువా, తాత చేతిలోని తుండుగుడ్డ, తల్లి పైటకొంగు, ఇవి తరతరములుగా బిడ్డల ముఖములను తుడిచినవి.

అంతేకాదు. ప్రపంచమునకు రుమాళ్ళను నేసి పంపిన ప్రాంతములలో తెలుగుదేశ మొకటి. చీరాల ప్రాంతమున నేతగాండ్రు తేలియా రుమాలను నేసిరి. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను పలుమారులు నానబెట్టి, ఆరబెట్టి, పిమ్మట అద్దకము చేసి నేయుదురు. అందుచేతనే దానికి తేలియా అను పేరు కలిగెను. ఎరుపు, నలుపు, తెలుపు అను మూడు వర్ణములు దానికి ప్రధానములు. ఆ రుమాళ్ళు అరబ్బు దేశములవారికి తలగుడ్డలుగా నోడలెక్కి పోయెడివి. తెలంగాణమున పుట్టపాక గ్రామపు నేతగాండ్రు నేటికిని ఆ విద్యను నిలుపుకొనియున్నారు. 2020 సంవత్సరమున పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ నేతకే తన జీవితమును వినియోగించిన గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ బిరుదము నొసగబడినది.

ఇట్లే 'మద్రాసు రుమాలు' అను పేరుతో గళ్ళగుడ్డ పశ్చిమ ఆఫ్రికాకు పోయెడిది. పేరు మద్రాసుదే యైనను దానిని నేసిన మగ్గములు అనేకములు చీరాల చుట్టుప్రక్కల నుండెను. నైజీరియా దేశమున కలబారి జాతివారు ఆ గుడ్డను పెండ్లిండ్లకును, పెద్దల అంత్యక్రియలకును గౌరవచిహ్నముగా వాడుకొనిరి. తరువాతి కాలమున ఆ వ్యాపారము సన్నగిల్లినది. ఏమైనను దేశదేశములకు రుమాళ్ళ నందించిన వారి సంతతి, నేడు బిడ్డ ముక్కు తుడుచుటకు కాగితపు పొట్లమును కొనుచుండుట గమనింపదగిన విషయము.

ఐరోపా ఖండమున రుమాలు మర్యాదకు గుర్తుగా నెదిగినది. డచ్చి పండితుడగు ఎరాస్మస్ 1530లో బాలుర నడవడిని గూర్చి లాటిను భాషలో చిన్న పుస్తకమును వ్రాసెను. చొక్కా చేతికి ముక్కు తుడుచుకొనుట మోటుతనమనియు, దానికై గుడ్డ నుంచుకొనుట మర్యాదయనియు అందు బోధించెను. నాలుగు వందల తొంబది సంవత్సరములు గడచినను ఆ బోధ అవసరము తీరలేదని ఉపాధ్యాయులందరు ఎరుగుదురు!

కాగితముతో ముక్కు తుడుచుకొను అలవాటు మొదట తూర్పుదేశములది. 1615లో హసెకురా త్సునెనగ అను జపాను రాయబారి ఐరోపాకు పోవుచు, ఫ్రాన్సు దేశపు సాఁ త్రోపే రేవున దిగెను. అతని పరివారము మెత్తని కాగితములతో ముక్కు తుడుచుకొని పారవేయుచుండగా, అక్కడి జనులు వింతపడి వానిని ఏరుకొనుటకు పరుగులెత్తిరని నాటివారు వ్రాసియుంచిరి. పారవేసిన కాగితమును ఏరుకొనుట నాడు వేడుక. నేడది ఒకరి బ్రతుకుతెరువు. ఈ భేదమును గూర్చి ముందు చెప్పవలసియున్నది.

నేటి టిష్యూ కాగితము అమెరికాలో పుట్టినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ప్రత్తి చాలక, కొయ్యగుజ్జుతో చేసిన దూదివంటి పదార్థమును గాయములకు కట్టుగా వాడిరి. యుద్ధానంతరము దానికి వేరు ఉపయోగమును వెదకి, 1924లో క్లీనెక్స్ అను పేరుతో స్త్రీలు ముఖమునకు పూసుకొను క్రీమును తుడుచుటకై అమ్మసాగిరి. కొన్నవారు దానిని ముక్కు తుడుచుకొనుటకు వాడుచున్నట్లు తెలిసికొని, 1930 ప్రాంతమునుండి పారవేయదగిన రుమాలుగా ప్రకటనలు చేసిరి. జలుబును జేబులో మోయవలదని బోధించు ప్రకటనలు వెలువడెను. ఆ మాటలో కొంత నిజమున్నది. ఆ నిజమును కూడ మనము విచారింపవలెను.

రెంటికిని భేదమేమి?

గుడ్డయు, కాగితమును ఒకే పదార్థముతో చేయబడినవి. దాని పేరు సెల్యులోజు. చెట్టు కొయ్యలోను, ప్రత్తికాయలోను ఉండునది అదియే. నీటిని పీల్చు గుణము దానివలననే రెంటికిని కలిగినది. భేదమంతయు పోగు పొడవులో నున్నది. కొయ్యపోగు ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్లు మాత్రమే యుండును. ప్రత్తిపోగు సుమారు 25 మిల్లీమీటర్లు, మంచిరకములలో 30 మిల్లీమీటర్లును దాటును. పొడవైన పోగును మెలిపెట్టి నూలుగా వడకవచ్చును. నూలును పడుగు, పేకలుగా నేయవచ్చును. అందుచేత గుడ్డ తడిసినను దాని కట్టు వదలదు. కాగితములోని పొట్టిపోగులు ఒకదానిపై నొకటి పడి అంటుకొనియుండును గాని అల్లుకొనియుండవు. నీరు తగులగానే ఆ పట్టు సడలి కాగితము పీలికలగును. పిల్లల జేబులలో నానిన కాగితపు ముద్దలు కనబడుటకు కారణమిదియే.

ఈ పొట్టిపోగు వలననే మరియొక చిక్కు కలదు. వ్రాతకాగితమును, వార్తాపత్రికను మరల గుజ్జుచేసి కాగితముగా మార్చవచ్చును. వాడిన టిష్యూ అట్లు పనికిరాదు. దాని పోగులు మరి పొట్టివి. పైగా అది మలినమైనది. పొడిచెత్తలో కలిపినచో ప్రక్కనున్న మంచి కాగితమును కూడ తడిపి చెరచును. ఇక 'తడి టిష్యూలు' అని అమ్మునవి మరింత మోసకరములు. వానిలో అనేకములు కాగితములే కావు. ప్లాస్టిక్కు జాతి పోగులు కలిసిన గుడ్డలు. అవి మట్టిలో కలియుటకు అతిదీర్ఘకాలము పట్టును.

పారవేసినది ఎచటికి పోవును?

పారవేయుట యను మాట మన నోట తేలికగా వచ్చును. బెంగళూరు నగరమున ఆ మాట బరువెంతయో 2012లో అందరకును తెలిసివచ్చెను. నగరపు చెత్తను మోసిన మావళ్ళిపుర గుట్ట ఆ సంవత్సరము మూతపడెను. చెత్తబండ్లన్నియు మండూరు గ్రామమునకు మరలెను. అచటి ప్రజలు దుర్గంధమును, ఈగలను, చెడిన నీటిని భరింపలేక బండ్లను అడ్డగించిరి. నగరవీధులలో చెత్త గుట్టలు పడెను. నాటి మహానగర పాలిక 2012 అక్టోబరు 1వ తేదీ నుండి తడిచెత్తను, పొడిచెత్తను ఇంటనే వేరుచేయవలెనని నిర్బంధించెను. 2014 చివర మండూరునకు చెత్త తరలించుట నిలిపివేయబడినది. 2015 డిసెంబరులో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము రెండు బుట్టలు, ఒక సంచి అను పద్ధతిని ఆదేశించినది. ఆకుపచ్చ బుట్టలో తడిచెత్త, ఎఱ్ఱబుట్టలో దేహమలిన సంబంధమైన చెత్త, సంచిలో పొడిచెత్త వేయవలెను.

ముక్కు తుడిచిన కాగితము దేహమలినము. దానికి ఎఱ్ఱబుట్టయే తగును. ఇంటనైన తల్లి చూచుకొని వేయునేమో గాని, బడిలో, బస్సులో, ఆటస్థలమున బిడ్డ చేతిలోని తడికాగితము ఎఱ్ఱబుట్టను వెదకికొని పోవునా? బల్లక్రింద పడును, కిటికీ వెలుపల పడును, లేనిచో పొడిచెత్త సంచిలో పడును. తరువాత దానిని ఊడ్చువారు, ఎత్తువారు, వేరుచేయువారు ఎవరు? బడి ఆయా, వీధిని ఊడ్చు పౌరకార్మికుడు, పొడిచెత్త కేంద్రమున కూర్చుండి చేతితో ఏరు స్త్రీ. మన బిడ్డ చీమిడిని మన చేతితో తాకుటకు జంకి కాగితమును కొనుచున్నాము. ఆ జంకు తీరిపోలేదు. వేరొకరి చేతిమీదికి పోయినది.

మన ఇండ్లలో ఎంగిలి యను విచారము పూర్వమునుండి కలదు. ఒకరు తిన్న ఆకును వేరొకరిచేత ఎత్తించుట తప్పని పెద్దలు చెప్పుదురు. ఆ న్యాయము ముక్కు తుడిచిన కాగితమునకు మాత్రము వర్తింపదా? గుడ్డ రుమాలు మలినమైనప్పుడు ఆ మలినము బిడ్డ జేబులోనే ఉండి, ఇంటికి తిరిగివచ్చి, ఇంటివారి చేతనే కడుగబడును. గుడ్డ రుమాలులోని ప్రధాన ధర్మమిది. తక్కినవన్నియు దీని తరువాతివి.

ఇక లెక్క చూతము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటి మొదలు అయిదవ తరగతి వరకు సంవత్సరమునకు 200 దినములు బడి జరుగవలెను. ఒక బిడ్డ దినమునకు నాలుగు కాగితములు మాత్రమే వాడినను సంవత్సరమునకు 800 కాగితములగును. ముప్పదిమంది గల ఒక్క తరగతికి 24,000. ఆరు గుడ్డ రుమాళ్ళతో ఒక బిడ్డకు ఆ సంవత్సరము గడచిపోవును. తరువాతి సంవత్సరమునకు కూడ అవియే పనికివచ్చును.

వైద్యుల ఆక్షేపణ

గుడ్డ రుమాలుపై ఆక్షేపణ లేకపోలేదు. మలినమైన గుడ్డను మడిచి జేబులో నుంచి, మరల మరల దానినే తీసి ముఖమునకు, చేతులకు పూయుటవలన రోగకణములు వ్యాపించునని వైద్యులు చెప్పుదురు. ఈ మాట నిజము. జలుబు చేసిన బిడ్డ రుమాలును తాకిన చేయి తలుపు గడియను తాకును. ఆ గడియను తాకిన మరియొక బిడ్డ చేయి తన కంటిని, ముక్కును తాకును. ఇన్‌ఫ్లుయెంజా కణమును గూర్చి అమెరికా పరిశోధకులు 1982లో ప్రకటించిన పరీక్షలలో అది నున్నని గట్టివస్తువులపై 24 మొదలు 48 గంటలవరకును, గుడ్డపైనను కాగితముపైనను 8 మొదలు 12 గంటలలోపును సజీవముగా నుండెనని తేలినది. అనగా ఈ విషయమున గుడ్డకు, కాగితమునకు భేదము లేదు. భేదము పారవేయుటలోను, దాచుకొనుటలోను ఉన్నది. వాడిన కాగితమును జేబులో నుంచుకొన్నచో అదియు మలిన రుమాలే యగును.

ఈ నగరముననే 1959లో జాతీయ క్షయరోగ సంస్థ స్థాపింపబడినది. దగ్గునప్పుడు నోటికి గుడ్డ నడ్డము పెట్టుకొనుమని క్షయరోగులకు చెప్పు హితవు అందరు విన్నదే. క్షయ గాలి మూలమున వ్యాపించును గాని రుమాలు మూలమున కాదు. నోటికి అడ్డముగా నుండుటయే అక్కడ గుడ్డ చేయు మేలు. 2020లో కోవిడు వ్యాపించినప్పుడు మన కేంద్ర ఆరోగ్యశాఖవారు కూడ దగ్గునప్పుడు, తుమ్మునప్పుడు రుమాలునో, టిష్యూనో అడ్డము పెట్టుకొమ్మనిరి. రెండును లేనప్పుడు మడిచిన మోచేతిలోనికి తుమ్మవలెనని బోధించిరి. రుమాలు వైద్యులచే బహిష్కరింపబడిన వస్తువు కాదని దీనివలన స్పష్టము.

అయినను కొన్ని వేళల కాగితమే మేలు. బిడ్డకు జ్వరముతో కూడిన జలుబున్నప్పుడు, ముక్కునుండి రక్తము కారునప్పుడు, ఇంట రోగికి పరిచర్య చేయునప్పుడు, ఆసుపత్రిలోను, ఒకసారి వాడి మూతగల బుట్టలో వేయుట ఉత్తమము. జ్వరమున్న బిడ్డను బడికి పంపకుండుట అంతకంటె ఉత్తమము. ఇంకొక్క మాట దాపరికము లేక చెప్పవలెను. ఏ ఇంట రుమాలును ప్రతిదినము ఉతుకుటకు వీలుపడదో, ఆ ఇంటి బిడ్డకు మూడుదినముల మురికి గుడ్డకంటె కాగితమే మేలు. గుడ్డ రుమాలు గుడ్డయగుటవలన మంచిది కాదు, ఉతుకబడుటవలన మంచిది. ఉతుకుట తప్పిన దినమున దాని మంచితనమంతయు పోవును.

ఎట్టి గుడ్డ? ఎన్ని రుమాళ్ళు?

రుమాలునకు మెత్తని నూలుగుడ్డ తగును. పాలియెస్టరు కలిసినది నిగనిగలాడును గాని నీటిని పీల్చదు. క్రొత్త గుడ్డకు పెట్టిన గంజి పోవువరకు రెండు మూడుసార్లు ఉతికి పిమ్మట వాడవలెను. బిడ్డకు పన్నెండు అంగుళముల చదరము చాలును.

క్రొత్తవి డజనుల కొలది కొనుట అవసరము కాదు, మంచిదియు కాదు. ప్రత్తిపైరునకు నీరు, ఎరువు, మందులు కావలెను. నూలు వడుకుటకు, అద్దకమునకు మరికొంత వ్యయమగును. ఆ వ్యయమంతయు రుమాలు చిరకాలము వాడబడినప్పుడే సార్థకము. నెలకొక రుమాలు చొప్పున పోగొట్టుకొను బిడ్డకు గుడ్డ కాగితముకంటె మేలని చెప్పజాలము. ఇంట మెత్తబడిన పాత పంచె, నూలుచీర ఉన్నచో వానినుండి కత్తిరించి అంచులు కుట్టిన రుమాళ్ళు అన్నిటికంటె శ్రేష్ఠములు. వానికై ప్రత్యేకముగా ఏమియు పండింపబడలేదు, ఏమియు కొనబడలేదు. పసిబిడ్డ లేత చర్మమునకు కూడ పాతగుడ్డ మెత్తన హాయినిచ్చును. లేనివారు ఖద్దరు దుకాణములలో దొరకు నూలు రుమాళ్ళను కొనవచ్చును.

పోకుండుటకు ఒక ఉపాయము కలదు. ప్రతి రుమాలు మూలను బిడ్డ పేరులోని మొదటి తెలుగక్షరమును దారముతో కుట్టవలెను. ఎనిమిదేండ్లు దాటిన బిడ్డ, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, పెద్దల సాయముతో తానే కుట్టగలదు. తాను కుట్టిన వస్తువును బిడ్డ సులభముగా పోగొట్టుకొనదు. అక్షరమును చేతితో నేర్చుకొనుట కూడ అగును.

బిడ్డ కొక్కింటికి ఆరు రుమాళ్ళుండవలెను. దినమునకు రెండు పంపవలెను: ఒకటి ముక్కునకు, మరియొకటి కడిగిన చేతులు తుడుచుకొనుటకు. రెండును వేరు వేరు రంగులవి యైనచో పొరపాటు జరుగదు. వేరు వేరు జేబులలో నుంచవలెను. జపానులో పాఠశాల బాలురు చేతులు తుడుచుకొనుటకు గుడ్డ రుమాలును, ముక్కునకు కాగితమును విడివిడిగా తీసికొనిపోవుదురు. విడదీయుటలోని వివేకమును మనము గ్రహింపవచ్చును. జలుబు దినములలో ముక్కు రుమాళ్ళు రెండు మూడు ఎక్కువగా నిచ్చి, వాడినవానిని వేయుటకు చిన్న గుడ్డసంచి నొకదానిని పంపవలెను. ఆ సంచిని కూడ రుమాళ్ళతోపాటు ఉతుకవలెను. ఒకరి రుమాలును మరియొకరికి ఇయ్యరాదనియు, ముక్కు తుడుచుకొన్న పిమ్మట చేతులు కడుగుకొనవలెననియు బిడ్డకు చెప్పవలెను.

బెంగళూరు వాతావరణమున జలుబు లేకయే తుమ్ములు, ముక్కు కారుట అనుభవించు బిడ్డలు కలరు. దుమ్మును, పుప్పొడియు దీనికి కారణములు. కన్నడిగులు కాంగ్రెసు గడ్డియనియు, మనవారు వయ్యారిభామ యనియు పిలుచు కలుపుమొక్క పుప్పొడి వీనిలో పేరుపడ్డది. ఇట్టి బిడ్డలకు దినమంతయు ముక్కు తుడుచుకొనవలసి వచ్చును. కాగితము గరుకు తగిలి వారి ముక్కు కొన ఎఱ్ఱబారి ఒరిసికొనిపోవును. మెత్తని పాతగుడ్డ వారికి ఉపశమనము. ఇది అంటువ్యాధి కానందున ఇతరులకు భయము కూడ లేదు.

ఉతుకు విధము

బిడ్డ బడినుండి రాగానే రుమాలును తానే తీసి వేరొక గిన్నెలో వేయుట నేర్పవలెను. మొదట చన్నీటిలో చిటికెడు ఉప్పు వేసి నానబెట్టవలెను. చీమిడిలోని మాంసకృత్తులు మొదటనే వేడినీరు తగిలినచో గుడ్డకు పట్టుకొనును. ఆ నీటిని పారబోసి, పిమ్మట వేడినీటిలో సబ్బుతో ఉతుకవలెను. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడు కణములకు క్రొవ్వుతో కూడిన పొర యుండును; సబ్బు ఆ పొరను చీల్చును. సామాన్యమైన జలుబు కణములలో కొన్నిటికి ఆ పొర లేదు; వానిని రుద్దుటయు, నీటితో జాడించుటయు తొలగించును. ఎండలో ఆరుట, ఇస్త్రీ పెట్టె వేడి తగులుట మిగిలిన పనిని పూర్తిచేయును. జూను మొదలు అక్టోబరు వరకు ముసురు పట్టినప్పుడు ఎండ దొరకదు గనుక ఇస్త్రీ తప్పనిసరి. చెమ్మ ఆరని రుమాలును మడిచి పంపరాదు. ఇంట ఎవరికైన జబ్బుగా నున్నప్పుడు రుమాళ్ళను తక్కిన బట్టలతో కలుపక వేరుగా మరిగించుట మంచిది.

నీటి మాట వచ్చినది గనుక దానిని కూడ విచారింతము. ఈ నగరమునకు కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, సుమారు 500 మీటర్ల ఎత్తునకు, మూడుచోట్ల పంపులతో తోడబడి వచ్చుచున్నది. 2024 వేసవిలో నీటికై నగరము పడిన బాధ ఎవరును మరువలేదు. అట్టిచోట ఉతుకు పని పెంచుట న్యాయమా యని అడుగువారుందురు. చిన్న రుమాళ్ళు ఎనిమిది నానుటకు ఒక గిన్నె నీరు చాలును. తరువాత ఇంటి బట్టలతోపాటు అవియు యంత్రములోనో, బకెట్టులోనో పడును. వానికై వేరుగా నీరు ఖర్చుకాదు. జాడించిన నీటిని నేల కడుగుటకు వాడవచ్చును. కాగితపు రుమాలు మాత్రము నీరు లేక తయారగునా? కొయ్యను గుజ్జు చేయుటకు, గుజ్జును పలుచని పొరగా పరచుటకు మిల్లులో నీరు కావలసినదే. ఆ నీరు మన కుళాయి లెక్కలో కనబడదు, అంతే భేదము.

బిడ్డకు అలవాటు చేయుట

పనివేళలకు పరుగులెత్తు తల్లులకు మరియొక పని తగిలించుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. రుమాలు ఉతుకుట తల్లి పనియే కానక్కరలేదు. అయిదవ తరగతి బిడ్డ తన రుమాలును తాను ఉతుకుకొనగలడు. అయిదు నిమిషములు పట్టును. తండ్రి తన రుమాలును తానే జాడించుకొనుచు కనబడినచో బిడ్డకు వేరు బోధ అక్కరలేదు. మొక్కై వంగనిది మానై వంగునా యని పెద్దలన్నారు. తన మలినమును తాను కడుగుకొనుట చదువులో ఒక భాగము. దానిని పాఠ్యపుస్తకము నేర్పజాలదు.

ఒక్కసారిగా కాగితమును ఇంటనుండి వెళ్ళగొట్టవలసిన పనిలేదు. మొదటి వారము ఇంటియందు మాత్రము గుడ్డను వాడి చూడవచ్చును. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నట్లు, ఉతుకుట, ఆరవేయుట, మడుచుట సాగుచున్నదో లేదో తెలిసికొని, పిదప బడికి పంపవచ్చును. భోజనపు డబ్బాలో చేయి తుడుచుకొనుటకు వేయు కాగితమునకు బదులు గుడ్డను వేయుట రెండవ మెట్టు. ముక్కు రుమాలు మూడవ మెట్టు. పొట్లమొకటి ఇంటి అలమారులో, జ్వరము, రక్తము వంటి అవసరములకై, మిగిలియుండుటలో తప్పులేదు.

బడివారును కొంత సాయపడవలెను. కుళాయివద్ద సబ్బు ఎల్లప్పుడు ఉండవలెను. ప్రతి తరగతిలో మూతగల బుట్ట యొకటి ఉండవలెను. రుమాలు తేని బిడ్డను నలుగురిలో నిలబెట్టి అవమానింపరాదు. ఇంట తల్లికి ఒంట్లో బాగుండక పోవచ్చును, నీరు రాకపోవచ్చును. ఉతికిన రుమాళ్ళు కొన్ని బడిలోనే సిద్ధముగా నున్నచో అట్టి బిడ్డకు ఇచ్చి, మరునాడు ఉతికి తెమ్మని చెప్పవచ్చును.

పండిత చర్చలకు ఎక్కదగినంత పెద్ద విషయము కాదిది. నగరపు చెత్తగుట్టలు ఒక్క రుమాలుతో తరుగవు. కాని రేపు ప్రొద్దున బడిగంట మ్రోగకముందు బిడ్డ జేబులో నేమి పెట్టుదుమను నిర్ణయము ఏ అధికారి చేతిలోను లేదు, మన చేతిలోనే యున్నది. ఉతికి, ఆరవేసి, మడిచిన రుమాళ్ళు రెండు పెట్టుదము. సాయంకాలము అవి తిరిగి వచ్చినవో లేదో చూచుకొందము.